ఎవెలీనాది ముట్టుకోకు

ఆ సోమవారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. వంటింట్లో నానమ్మ వెలికా. మేడ మీద గదిలో మనోల్ బాబాయి, కాలు విరిగి కట్టుతో. నానమ్మ ఎక్కడుంటే అక్కడ పిల్లి. అమ్మ పట్నంలో ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళింది. నాన్న లారీ తీసుకుని గ్రీసు వెళ్ళాడు, శుక్రవారానికి గాని రాడు. గేటు బయట బెంచీ మీద స్తోయంకా మామ్మ కూర్చుని ఉంది. మా వైఫై అక్కడిదాకా అందుతుంది, ఆమె పొద్దు చాలావరకు అక్కడే గడుస్తుంది, కాబట్టి ఆమెను కూడా ఇంటి మనిషి కిందే లెక్క వేసుకోవాలి. నేను మాత్రం లేను. ఊరవేసిన క్యాబేజీ గిన్నె ఒకటి చేతికిచ్చి నానమ్మ నన్ను పై వీధిలో నెదాల్కా అత్త ఇంటికి పంపింది.

ఇంకెవరూ రాలేదని నానమ్మ చెప్పింది. వైఫై డబ్బా మాత్రం వేరే మాట చెప్పింది.

నేను తిరిగి వచ్చేసరికి మేడ మీద నుంచి బాబాయి కేకలు పెడుతున్నాడు.

“రదీనా! ఒసే రదీనా! మనింట్లో దొంగలు పడ్డారే!”

గబగబా మెట్లెక్కాను. బాబాయి కట్టు కాలుని దిండు మీద పెట్టుకుని ఫోనుని నా మొహం ముందు ఊపాడు. కుస్తీ పోటీ. ఒక వస్తాదు ఇంకో వస్తాదుని తలమీదికి ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయి ఉన్నాడు.

“ఇందాకట్నించీ గాల్లోనే ఉన్నాడే పాపం. నేను టీ తాగాను, మందులేసుకున్నాను, ఓ కునుకు తీశాను. వాడింకా కింద పడలేదు. ఎవరో మన ఇంటర్నెట్ లాగేస్తున్నారు.”

“స్తోయంకా మామ్మేమో బాబాయ్.”

“ఫోనులో మనవరాలి మొహం చూసుకోడానికి ఆవిడకెంత కావాలి! ఇది వేరే చెయ్యి. నీకు తెలుసుగా ఆ డబ్బా సంగతి, చూడు.”

నాకు తెలుసు. డబ్బా నడవలో, మేరీమాత పటం కింద చెక్క బల్ల మీద ఉంటుంది. దుమ్ము పడకుండా నానమ్మ దానికి తెల్లదారంతో ఒక గుడ్డ అల్లి కప్పింది. అది పెట్టిన కుర్రాడు ఇచ్చిన కాగితం మా ఇంట్లో నేనొక్కదాన్నే పూర్తిగా చదివాను. ఫోనులో నాలుగు ముక్కల అంకె ఒకటి కొడితే ఒక పేజీ తెరుచుకుంటుంది. ఈ ఇంటి వైఫైని ఏ ఏ ఫోన్లు పట్టుకుని ఉన్నాయో అందులో పేర్లతో సహా కనిపిస్తుంది. మనుషులతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు గానీ ఇలాంటి వాటితో ఇబ్బంది లేదు. అవి నా మొహంలోకి చూస్తూ జవాబు కోసం కాచుకుని కూర్చోవు.

పేజీ తెరిచాను. “మనోల్ సింహం”, అది బాబాయిది. హాల్లో టీవీ. నాది. పేరు లేకుండా ఉత్త అంకెలున్నది స్తోయంకా మామ్మ పాత ఫోను. వీటి కింద బూడిద రంగులో ఇంకొన్ని పేర్లు, ఇందాక ఉండి ఇప్పుడు వెళ్ళిపోయినవి. వాటిలో అన్నిటికంటే పైన ఉన్న పేరు చదివాను. మళ్ళీ చదివాను.

“ఎవెలీనాది ముట్టుకోకు”.

పక్కనే సమయం ఉంది. నేను అత్త ఇంట్లో క్యాబేజీ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి వింటూ కూర్చున్న సమయం.

“దొరికాడా దొంగ?” అన్నాడు బాబాయి.

“ఎవరూ లేరు బాబాయ్. మబ్బు పట్టింది, అందుకేమో.”

“మబ్బు పడితే వాన వస్తుంది గానీ కుస్తీ ఆగుతుందటే?” అంటూ ఆయన ఫోనుని చెవి దగ్గర తట్టుకున్నాడు, లోపల ఏదో ఇరుక్కున్నట్టు.

ఆ ఫోనుకి ఆ పేరు పెట్టిన రోజు నాకు గుర్తుంది. ఎవెలీనా మా ఊళ్ళో కొట్టు నడిపే గాంచో కూతురు. ఊరి బడిలో ఎనిమిదో తరగతిదాకా ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. కొత్త ఫోను కొన్నప్పుడు నేరుగా మా ఇంటికే వచ్చింది. మా గేటు బెంచీ మీద నేనే పాస్‌వర్డ్ చెప్పాను. “అందరూ నా ఫోను లాక్కుని చూస్తారే, ఏం పేరు పెట్టను?” అని అడిగితే, “ముట్టుకోకు అని పెట్టు” అన్నదీ నేనే. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఒకసారి పాస్‌వర్డ్ ఇస్తే ఫోను మర్చిపోదు. గడప దాటగానే దానంతట అదే పట్టుకుంటుంది. ఆ సంగతి ఎవెలీనాకి తట్టి ఉండదు. నానమ్మకైతే అసలే తెలియదు.

ఇదే మామూలు రోజుల్లో అయితే నేను కొట్టుకి వెళ్ళి, ఎంత సిగ్గున్నా, “ఏమే, మా ఇంటికెందుకొచ్చావ్?” అని అడిగేదాన్ని. ఆ వారం అడగడానికి లేదు. ఎవెలీనా ఆ ఏడాది మా పెద్దక్క.

అంతకుముందు లాజరు శనివారం మేం ఆరుగురం ఆడపిల్లలం కుచ్చుల గౌన్లు వేసుకుని, తలల్లో పూలు పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పాడి ఆడాం. కొన్నేళ్ళుగా ఊళ్ళో చాలినంతమంది పిల్లలు లేక అది ఆగిపోయింది. ఈ ఏడు నానమ్మే మమ్మల్ని పోగేసి నేర్పింది. నేను వరసలో చివర నిలబడి పెదవులు కదిపాను. మర్నాడు మట్టలాదివారం వాగు దగ్గరికి వెళ్ళి విల్లో కొమ్మలతో చుట్టిన దండలు నీళ్ళలో వదిలాం. ఎవరి దండ ముందు వెళ్తే ఆ పిల్ల పెద్దక్క. నా దండ రెండు బారలు కూడా పోకుండానే ఒక వేరుకి తగులుకుంది. ఎవెలీనా దండ చిన్న పడవలా ఊగుతూ అందరికంటే ముందు వంపు తిరిగింది. నానమ్మ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

పెద్దక్క అయిన పిల్లతో ఈస్టర్ తెల్లవారేదాకా మిగతా పిల్లలు ఒక్క మాట మాట్లాడకూడదు. ఎదురుపడితే తల వంచుకుని తప్పుకోవాలి. ఆమె కూడా మాతో మాట్లాడకూడదు. పెద్దవాళ్ళతో మాట్లాడొచ్చు. ఈస్టర్ రోజు ఎర్ర గుడ్డు పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడితే, గుడ్డు అందుకుని బుగ్గ మీద ముద్దు పెడుతుంది. అప్పుడు మౌనం విడుపు. ఆ తర్వాత చర్చి ముందు అందరం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ హోరో ఆడతాం. మధ్యలో నోరు జారిన పిల్ల గుడ్డు పుచ్చుకోరు, హోరోలో ఆమె చెయ్యి ఎవరూ పట్టుకోరు. నెదాల్కా అత్త చిన్నప్పుడు కందిరీగ కుట్టి, ఎదురుగా ఉన్న పెద్దక్కతో “అమ్మో, చూడవే!” అనేసిందట. పాపం ఆ ఏడు హోరో అయ్యేదాకా గోడ పక్కన నిలబడింది. ఇప్పటికీ కందిరీగ కనబడితే తిడుతుంది.

ఆదివారం సాయంత్రమే మా పిల్లల్లో ఒకతి తెలివి చూపించింది. “మామ్మా, మెసేజ్ పెడితే మాట్లాడినట్టా?” అని నానమ్మని అడిగింది.

“వేలితో ఆడినా మాటే,” అంది నానమ్మ. “నోరు ఒకటే కట్టేసి వేళ్ళు విప్పుకుంటే అది మౌనమా, మోసమా?”

కాబట్టి అదీ లేదు.

ఇదంతా నేను ఓర్చుకునేదాన్నే. దండ ముందు పోవడం వాగు చేతిలో పని. కానీ పాట అలా కాదు. హోరో మొదలయ్యే ముందు పెద్దక్క వయసు పిల్ల ఒకతి ఒంటరిగా పాడే పాట ఒకటుంది, కొండ దిగి రమ్మని సూర్యుణ్ణి పిలిచే పాట. అది ఇప్పుడు ఊళ్ళో మా నానమ్మ ఒక్కదానికే వచ్చు. ఆమెకి వాళ్ళమ్మ నేర్పింది. పెద్దక్క ఎవరైనా కానీ, పాట మాత్రం మా ఇంటిది, నానమ్మ తర్వాత నాది అనుకుంటూ పెరిగాను నేను. ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోయినా వస్తుందనుకున్నాను. పిండి కలుపుతూ, పశువుల పాక ఊడుస్తూ ఆమె గొణుక్కునేదంతా తలుపుల వెనకనుంచి విని మొత్తం పట్టేశాను. పాకలో మేకల పాలు పితుకుతూ పాడుకునేదాన్ని. మేకలు తప్ప ఎవరూ వినలేదు. ఇప్పుడు నన్ను బయటికి పంపి నానమ్మ ఎవెలీనాని పిలిచిందంటే, అది ఆ పాట నేర్పడానికే అయ్యుండాలి.

పోయిన చలికాలం నానమ్మ బెంచీ మీద స్తోయంకా మామ్మతో అంటుంటే విన్నాను: “మా రదీనాకి పెదవులే ఇచ్చాడు దేవుడు. గొంతు పెట్టడం మర్చిపోయాడు.” ఇద్దరూ నవ్వుకున్నారు. నేను కిటికీ చాటున గిన్నెలు తుడుస్తున్నాను. ఒక గిన్నెను చాలాసేపు తుడిచాను.

సోమవారం రాత్రి భోజనాల దగ్గర, చిక్కుడుగింజల చారులో రొట్టె ముంచుకుంటూ, “మధ్యాహ్నం ఎవరైనా వచ్చారా నానమ్మా?” అన్నాను.

“ఎవరొస్తారే? మీ బాబాయి పైన, నేను కింద, పిల్లి మధ్యలో.”

పరిశుద్ధ వారం. మాంసం, పాలు, నూనె మానేసిన మనిషి. అబద్ధం మానలేదు.

మంగళవారం మళ్ళీ పంపింది, ఈసారి జల్లెడ ఇచ్చి రమ్మని. “అత్త అడిగిందా?” అంటే, “అడక్కపోతే మాత్రం! ఈస్టర్ రొట్టెలకి పిండి జల్లించుకోదూ?” అంది. అత్త నా చేతిలో జల్లెడ చూసి, “నాకు మూడున్నాయే తల్లీ,” అంటూనే తీసుకుంది. అక్కడ కూర్చుని ఫోను తెరిచాను. మా ఇంటి పేజీ మా ఇంటి వైఫై అందితేనే తెరుచుకుంటుంది. అత్త మోకాళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. నా మనసంతా మా నడవలో, అల్లిన గుడ్డ కింద మిణుకుమంటున్న ఆకుపచ్చ దీపం దగ్గరే ఉంది.

తిరిగొచ్చి గేటు దగ్గరే పేజీ తెరిచాను. బూడిద రంగులో ఉంది. ఎవెలీనాది ముట్టుకోకు. నిన్నటికంటే ఎక్కువసేపు.

బెంచీ మీద నుంచి స్తోయంకా మామ్మ తల ఎత్తింది. “ఏమే పిల్లా, సొంత ఇంటి గేటు బయట నిలబడి ఫోను చూస్తున్నావ్? నాలాగా నిన్నూ కోడలు ఇంట్లోంచి తరిమేసిందా?”

నవ్వినట్టు మొహం పెట్టి లోపలికి వెళ్ళాను. వంటింట్లో రెండు కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఒకటి నానమ్మది. ఇంకోటి నీలం అంచుది. నీలం అంచుది నాది. నాకు పొంగు పోసినప్పటినుంచీ అందులోనే తాగుతున్నాను. చేత్తో తడిమి చూశాను. ఇంకా తడిగానే ఉంది.

కప్పుని మళ్ళీ బోర్లించాను. ఎవెలీనాకి కొట్టుంది, వాళ్ళ నాన్న ముద్దు ఉంది, వరసలో ముందు నిలబడే ధైర్యముంది, ఏం కావాలన్నా అడిగే నోరుంది. వాగు కూడా ఆమె మాటే విన్నది. ఇక నాకు మిగిలింది ఒక ముసలామె గొణుగుడు. అదీ నా కప్పులో పోసి ఇచ్చేస్తోంది. ఇద్దరూ ఏ గదిలో కూర్చుని ఉంటారు? మగ్గం గదిలోనేనా? నా చిన్న పీట మీదే కూర్చుందా? నానమ్మ ఆమె జడ సర్దిందా? ఎవరైనా ఎదురుగా కూర్చుంటే నానమ్మ వాళ్ళ జడ సర్దకుండా ఉండలేదు.

నడవలోకి వెళ్ళి మేరీమాత పటం కింద నిలబడి ఫోనులో ఆ పేరు మీద వేలు పెట్టాను. పేరు పక్కన చిన్న గుర్తు ఒకటుంటుంది. దాన్ని నొక్కితే ఆ ఫోనుకి ఇక మా వైఫై అందదు. “ఈ పరికరాన్ని ఆపమంటారా?” అని అడిగింది. ఆపమన్నాను. పేరు మీద ఎర్రగీత పడింది. మొహం కడుక్కున్నంత హాయిగా అనిపించింది. ఆ పూట చారు రెండుసార్లు వేయించుకున్నాను.

బుధవారం నానమ్మ నిన్న ఇచ్చిన జల్లెడ తెమ్మంది.

అత్త గుమ్మంలోనే జల్లెడ చేతికిచ్చింది. “మీ నానమ్మకి ఒంట్లో బానే ఉందా?” అంది.

ఇంటికి వస్తూనే గేటు దగ్గర చూశాను. ఎర్రగీత కింద ఆ పేరు కొత్తగా ఎక్కడా లేదు. రాలేదు! పరుగెత్తినట్టే లోపలికి వెళ్ళాను. నీలం అంచు కప్పు బోర్లించి ఉంది. తడిగా ఉంది.

జల్లెడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆమె వచ్చింది. ఎప్పటిలాగే వచ్చింది. నేను ఆపింది ఆమెను కాదు, ఆమె ఫోనుని. ఇన్నాళ్ళూ నాకు వార్త చెప్పిందల్లా ఆ ఫోనే. ఆమె ఎప్పుడొచ్చిందో, ఎంతసేపుందో ఇక డబ్బాకి తెలియదు, నాకూ తెలియదు. చూసే కంటిని నేనే పొడుచుకున్నాను.

పొద్దు వాలాక నానమ్మ గుడ్ల రంగు కోసం ఉల్లిపాయ పొట్టు ఏరుతూ, “ఒసే, ఆ డబ్బాని ఓసారి ఆర్పి వెలిగించవే. ఫోనుకి అందట్లేదంట,” అంది.

“ఎవరి ఫోనుకి?”

నానమ్మ చేతులు ఆగాయి. “స్తోయంకాకి.”

సరిగ్గా అప్పుడే కిటికీలోంచి స్తోయంకా మామ్మ గొంతు గట్టిగా వినిపించింది. “ఏదీ, ఇంకోసారి నాలుక చూపించు బంగారం! అబ్బో, ఎంత ఎర్రగా ఉందో!” మనవరాలి నవ్వు కూడా వినిపించింది.

నానమ్మ నా వంక చూడలేదు. “ఇప్పుడే అందినట్టుంది,” అంది పొట్టుతో.

ఆమె మొహం మీద చిక్కుకున్న నవ్వుని చూసి మామూలుగానైతే నేనూ నవ్వేదాన్నే. ఆ రోజు రాలేదు. నా ఎదుట కూర్చుని ఎవెలీనా పక్షాన అబద్ధం ఆడుతోంది. నా పక్షాన ఎప్పుడైనా ఎవరితోనైనా ఒక్క అబద్ధం ఆడిందా? పెదవులున్నాయి గొంతు లేదన్నప్పుడు, కాదు ఉందని ఒక చిన్న అబద్ధమైనా ఆడొచ్చు కదా?

గురువారం గుడ్లకి రంగు వేసే రోజు. నేను లేచేసరికే నానమ్మ మొదటి గుడ్డు ఎర్రగా చేసి మేరీమాత పటం ముందు పెట్టేసింది. ప్రతి ఏడూ ఆ మొదటి గుడ్డుని రంగు ఆరకముందే నా బుగ్గలకి రుద్దుతుంది, ఏడాదంతా ఎర్రగా ఆరోగ్యంగా ఉండాలని. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. జుట్టు చెవుల వెనక్కి తోసుకుని మరీ నిలబడ్డాను.

“అలా చూస్తావేం?” అంది.

“గుడ్డు…”

“పదిహేనేళ్ళు నిండాయి, ఇంకా బుగ్గలేమిటే? నీకంటే పొడుగైన పిల్ల దొరకదు ఊళ్ళో.” నవ్వి, తడిచేత్తో నా వీపు తట్టింది. “ఇదిగో, రంగు మిగిలింది. అత్తకి ఇచ్చి రా. నిదానంగా రా, పరుగులొద్దు.”

రంగు పొట్లం తీసుకుని గేటు దాటాను. స్తోయంకా మామ్మ, “మళ్ళీ అత్తగారింటికేనా? అక్కడే కాపురం పెట్టించేట్టున్నారే నిన్ను,” అంది. పై వీధి మలుపు దాకా నడిచాను. అక్కణ్ణించి వెనకదారి పట్టుకుని తోటలోంచి మా మేకల పాకలోకి దూరి కూర్చున్నాను. మేకలు పాట కోసం నా మొహంలోకి చూశాయి.

కాసేపటికి తోట వెనక కంచె తలుపు కిర్రుమంది. పాక చెక్కల సందులోంచి చూశాను. ఎవెలీనా. తలకి ముసలివాళ్ళ గుడ్డ కట్టుకుని, వంగి వంగి నడుస్తోంది. దూరం నుంచి ఎవరైనా చూస్తే ఎవరో పెద్దావిడ అనుకుంటారు. నానమ్మ చెప్పి ఉంటుంది అలా రమ్మని. నాతో ఎప్పుడైనా ఇలాంటి ఆట ఆడిందా మా నానమ్మ?

ఆమె లోపలికి వెళ్ళాక వెయ్యి అంకెలు లెక్కపెడదామనుకున్నాను. ఎక్కడో మధ్యలోనే లేచిపోయాను. వంటింటి తలుపు తీసే ఉంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాను. నడవలో డబ్బా ఆకుపచ్చగా మిణుకుమంటోంది. దాని ఎదురుగా మగ్గం గది తలుపు. జానెడు తెరిచి ఉంది.

మొదట నానమ్మ వీపు కనిపించింది. ఆమె ఎదురుగా నా పీట మీద ఎవెలీనా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిలో కూర్చున్నట్టు. తలగుడ్డ విప్పేసింది. జడ అప్పుడే అల్లినట్టు బిగుతుగా ఉంది. ఎడమ బుగ్గ మీద ఎర్రటి మరక. గుడ్డు రుద్దిన మరక.

నా బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు.

“మళ్ళీ మొదట్నించీ తల్లీ,” అంది నానమ్మ.

తల్లీ అంది.

ఎవెలీనా పాడింది. “కొండ దిగి రా సూరీడా, మా గడపకి రా…” గొంతు పెద్దదే. ధైర్యమైన గొంతు. చివర్లో మెట్లు దిగినట్టు కిందికి జారిపోయింది.

“దిగకూడదమ్మా. ఆ చివరి ‘రా’ దగ్గర పైనే నిలబడాలి. ఊపిరి అయిపోయేదాకా నిలబడి, టక్కున పైకే తెగాలి. పిట్ట కొమ్మ వదిలినట్టు.”

“నాకు రాదు మామ్మా. నేను పలకడం మొదలుపెట్టగానే అదే దిగిపోతోంది.”

“వస్తుంది. నేర్చుకోకపోతే ఇక ఎవరికి చెప్పను? నువ్వే ఉన్నావు నాకు.”

నువ్వే ఉన్నావు నాకు. చెప్పులు నా చేతిలోంచి జారబోయాయి. పట్టుకున్నాను.

ఎవెలీనా మళ్ళీ పాడింది. మళ్ళీ జారింది. నానమ్మ విసుక్కోలేదు. పిండి ముద్దలో కాస్త ఉప్పెక్కువైతేనే నన్ను సాయంత్రందాకా సతాయించే మనిషి, ఆ పిల్ల మోకాలు నిమిరి ఇంకోసారి అంది. మూడోసారి ఎవెలీనా కళ్ళు మూసుకుని పాడింది. సూరీడు దిగాడు, గడప దాకా వచ్చాడు. అక్కడ ఆ ‘రా’ మళ్ళీ నేలకి ఒరిగిపోతోంది. అది మేకల పాకలో నేను వందసార్లు ఎగరేసిన చోటు. మా ముత్తవ్వ పాట, నా కళ్ళ ముందు, నా పీట మీద కూలబడుతోంది.

“అలా కాదు, ఎవె!” అన్నాను.

అని ఆగలేదు. ఆగితే ఇక ఎప్పటికీ రాదని ఏదో చెప్పినట్టు, తలుపు తోసుకుని పాడేశాను. “కొండ దిగి రా సూరీడా, మా గడపకి రా…” గొంతు పైకి వెళ్ళింది. అక్కడే నిలబడింది. నడవ అంతా నిండింది, గాజు గిన్నెలు కూడా మోగినట్టనిపించింది. ఊపిరి చివరికి వచ్చేదాకా ఉంచి, పైకే తెంపాను.

మేడ మీద నుంచి బాబాయి, “ఎవరే అది? ఎవరా పాడింది? మళ్ళీ పాడమనండి!” అని అరుస్తున్నాడు.

నానమ్మ వెనక్కి తిరిగింది. ఆమె నన్ను అలా చూడడం నేను పుట్టాక ఎప్పుడూ చూడలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. వాగు దగ్గర ఎవెలీనా దండ వంపు తిరిగినప్పుడు కూడా అంత వెలుగు లేదు ఆ మొహంలో. తర్వాత ఆ వెలుగులోంచే కళ్ళు నీళ్ళతో నిండాయి.

“నువ్వా తల్లీ?” అంది. “ఇన్నేళ్ళూ లేని నోరు… విప్పడానికి నీకు ఈ వారమే దొరికిందా? ఈ పిల్లతోనే దొరికిందా?”

అప్పుడు గాని నాకు తెలియలేదు నేనేం చేశానో. ఎవె అన్నాను. ఎదురుగా నిలబడి, పేరు పెట్టి పిలిచి, కాదన్నాను. ఈస్టర్ రోజు నా గుడ్డు ఎవరూ పుచ్చుకోరు. హోరోలో నా చెయ్యి ఎవరూ పట్టుకోరు. అయినా ఒక్క క్షణం నాకు ఏమీ అనిపించలేదు. నానమ్మ నన్నే చూస్తోంది. నన్నొక్కదాన్నే.

ఎవెలీనా నా వైపు చూడలేదు. నానమ్మ మొహం వైపు చూసింది. ఆ మొహంలో ఉన్నది ఆమెకీ కనిపించింది. ఈ వారమంతా వచ్చి కూర్చున్నా ఆమెకి ఒక్కసారి కూడా దొరకనిదది. ఎర్రమరక ఉన్న బుగ్గ మెల్లగా తెల్లబడింది. ఆ చూపు నాకు కొత్త కాదు. మూడు రోజులుగా ఫోనులోకి నేను చూసిన చూపే అది.

పీట మీద నుంచి లేచింది. గుమ్మం దాకా వచ్చి నా ముందు నిలబడింది. పెదవులు కదిలాయి. ఏదో అనాలని ఎంత ఉందో కనబడుతూనే ఉంది. అనకూడదు. ఆమె పెద్దక్క.

“తల్లీ, ఆగు,” అంది వెనకనుంచి నానమ్మ. మా ఇద్దరిలో ఎవరిని అందో తెలియలేదు.

ఎవెలీనా తలుపు మీద చెయ్యి వేసి, నడవలో ఉన్న నా మొహం మీద మూసేసింది.